ఫిన్నీ మాటకు తర్జుమా

జూన్ 10, మంగళవారం

ఉక్కగా ఉంది. మబ్బు పట్టి విడిపోయింది. పొద్దున్నే ఫిన్నీకి గడ్డం గీశాను. నర్సరీలో మామిడి అంట్లు కట్టాను. సాయంత్రం మోటారు వేసి, మొక్కలు తడిశాక కట్టేశాను.

ఆఫీసులో గార్డియన్ దరఖాస్తు ఇచ్చేశాను. అమ్మ పేరున ఉన్న ఇల్లు మా అన్నదమ్ములిద్దరి పేరుకూ మారాలంటే ఫిన్నీ సంతకం చాలదట. వాడి తరఫున గార్డియన్ ఉంటే మంచిదట. కారణం రాయమన్న చోట ఇలా రాశాను: “నా తమ్ముడు ఫిన్నీకి పుట్టుకతోనే కాళ్ళూ చేతులూ సరిగ్గా స్వాధీనంలో లేవు. తెలివికి లోటు లేదు. మాట్లాడతాడు గాని బయటివాళ్ళకు అర్థం కాదు. మా అమ్మ వీరమ్మ పోయినప్పటి నుంచి నేనే చూసుకుంటున్నాను. వాడి మాట నాకొక్కడికే తెలుస్తుంది.”

గుమస్తా చదివి, “బాగా రాశారండి, ఎంతవరకు చదువుకున్నారు?” అన్నాడు. బడి మొహం చూడలేదనీ, అమ్మ బైబిలు ముందు పెట్టుకుని నేర్చుకున్నాననీ చెప్పాలనిపించింది. చెప్పలేదు.

జూన్ 12, గురువారం

జల్లు. అంట్లు. ఫిన్నీకి గడ్డం గీశాను. చెంప మీద కొంచెం తెగింది. వాడి తల కదిలింది, నా చెయ్యి కాదు.

జూన్ 15, ఆదివారం

ఎండ. చర్చికి వెళ్ళాం. సాక్ష్యాల ఆదివారం. ఫిన్నీ కుర్చీని ముందుకు తోసుకెళ్ళి పక్కన నిలబడ్డాను. వాడు ఒక్కో ముక్కా చెబుతుంటే నేను పైకి చెప్పాను. సువార్త కూటాల్లో దొర మాట్లాడుతుంటే పక్కనుండి చెప్పేవాళ్ళలాగా ఉంటావురా అని అమ్మ మురిసిపోయేది. సంఘంలో అందరూ నన్ను తర్జుమా అబ్రహాము అనే అంటారు.

బయటికొచ్చాక పాస్టరుగారు నవ్వుతూ, “తమ్ముడు నాలుగు మాటలంటే మీరు నలభై చెబుతారేంటండి, అబ్రహాము గారూ?” అన్నారు.

“లోపల ఉన్నదంతా బయటికి తీస్తానండి” అన్నాను.

అందరూ నవ్వారు. ఫిన్నీ ఫోను చూసుకుంటున్నాడు.

జూన్ 19, గురువారం

పొద్దున వాన, తర్వాత తెరిపి. పనికి సెలవు పెట్టి ఫిన్నీని మండలంలో సభకు తీసుకెళ్ళాను. దివ్యాంగుల కోసం కొత్త విధానం వచ్చిందట. వాళ్ళ మాటను ఆఫీసుల దాకా చేర్చే సేవలు ఇకమీద మెరుగవుతాయట. బ్యానరు పెద్దది కట్టారు. హాలుకు మెట్లున్నాయి. నేనూ ఆటో అబ్బాయీ కుర్చీని ఎత్తి లోపల పెట్టాం.

వేదిక మీద అందరూ నడవగలిగినవాళ్ళే. ఒకాయన చదివాడు. మండలానికొక వాణి సహాయకురాలు ఉంటుంది. ఆఫీసుల్లో, కమిటీల్లో దివ్యాంగుల పక్కన నిలబడి వాళ్ళ మాట చెబుతుంది. మనిషి మాట ఆ మనిషి నోటే వినాలి. వినేటప్పుడు ఇంటివాళ్ళు బయట ఉండాలి.

మీ ఇబ్బందులు చెప్పండి అని మైకు కిందికి పంపారు. ఫిన్నీ చెయ్యి లేపాడు. మైకు మా దగ్గరికొచ్చింది. వాడి నోరు కదిలింది. నేను లేచి, “మెట్ల దగ్గర ర్యాంపు కావాలంటున్నాడండి” అన్నాను. చప్పట్లు కొట్టారు.

పక్కన నిలబడ్డ అమ్మాయి, మెడలో గుర్తింపు కార్డుంది, “అతను ఇంకా మొదలుపెట్టలేదు కదండీ” అంది. ఆమే మా మండలానికి వచ్చిన సహాయకురాలు. పేరు శ్రీదుర్గ. ఈలోగా మైకు వేరేవాళ్ళు తీసుకున్నారు.

ఆటోలో ఫిన్నీ, “నేను అడగబోయింది ర్యాంపు కాదు” అన్నాడు. మరేంటిరా అన్నాను. కాలవ వైపు చూస్తూ కూర్చున్నాడు. ర్యాంపు అవసరమే గదా.

జూన్ 24, మంగళవారం

ఉక్క. ఫిన్నీకి గడ్డం గీసి, ఇస్త్రీ చొక్కా వేశాను. దరఖాస్తు మీద విచారణకు శ్రీదుర్గ ఇంటికి వచ్చింది. టీ ఇచ్చాను. తాగి, “ఇక మీరు కాసేపు బయట కూర్చోవాలండి” అంది.

“వాడు చెప్పేది మీకు తెలియదమ్మా.”

“తెలియకపోతే మళ్ళీ అడుగుతానండి.”

వాకిట్లో కూర్చున్నాను. నర్సరీ నుంచి తెచ్చుకున్న ఖాళీ మొక్కల కవర్లకు చిల్లులు పెట్టాను. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో వినపడలేదు. వినపడకపోతే ఏం, నాకు తెలియనిదేముంది. ఒకసారి ఇద్దరూ గట్టిగా నవ్వారు. కవర్లన్నీ అయిపోయాయి, అయినా తలుపు తీయలేదు.

వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, “చినబాబు ఎవరండీ?” అని అడిగింది.

తెలియదన్నాను.

జూన్ 25, బుధవారం

వాన. చినబాబు పాలకొల్లులో ఉంటాడు. ఫిన్నీకి ఫోనులో పరిచయం. వీడు మాటలు రికార్డు చేసి పంపిస్తాడు, అతను అలాగే జవాబిస్తాడు. ఏడాది నుంచి నడుస్తోందట. నేను పనిలో ఉన్నప్పుడు.

నాకు ఒకటి వినిపించాడు. “బావా, నీ గది ఇంకా ఖాళీగానే ఉందెహె. కిటికీ కాలవ వైపు. దోమలు ఫ్రీ.”

“నీ మాట అతనికెలా తెలుస్తుందిరా?” అన్నాను.

“రెండోసారి వింటాడు” అన్నాడు ఫిన్నీ.

జూలై 3, గురువారం

మబ్బు. అంట్లు. శ్రీదుర్గ నర్సరీకే వచ్చి, షేడ్ నెట్ కింద నిలబడి మాట్లాడింది. పాలకొల్లులో ఒక ఇంట్లో ఫిన్నీలాంటివాళ్ళు నలుగురు కలిసి అద్దెకుంటారట. వంటమనిషి ఉంది, లేవదీసి కూర్చోబెట్టడానికి ఒకతను ఉన్నాడు. కంప్యూటర్ మీద జనాలకు అప్లికేషన్లు పెట్టే పని చేసుకుంటారు. నలుగురిలో ఒకతను వెళ్ళిపోయాడు. ఆ గదిలోకి ఫిన్నీ వెళ్తానంటున్నాడు. ఆ సభలో అడగబోయింది కూడా అదేనట, సొంతంగా బతికే ఇళ్ళకు ప్రభుత్వం ఏం సాయం చేస్తుందని.

“ఇంట్లో ఉండే ప్రతి ఒక్కరి పేరూ అద్దె అగ్రిమెంటులో ఉండాలండి. గార్డియన్ ఆర్డరు వచ్చిందంటే అతని పేరు రాయరు. సొంతంగా ఒప్పందం చేసుకునే హక్కు పోతుంది. అందుకే గార్డియన్ వద్దంటున్నాడు.”

“మరి ఇల్లు?”

“దానికి వేలిముద్ర చాలండి. నేను సాక్షిగా నిలబడి రాయిస్తాను. ఆఫీసువాళ్ళకి పని తేలికవుతుందని గార్డియన్ అన్నారు, అంతే.”

వాడికి వీపు దురదపెడితే ఎక్కడ గోకాలో ఆ ఇంట్లో ఎవరికి తెలుసు. అన్నం ముద్ద ఎంతుండాలో ఎవరికి తెలుసు. ఇవేవీ ఆమెతో అనలేదు. వాడికి నా మీద కోపమా అని మాత్రం అడిగాను.

“లేదండి. ఒక్కటి మాత్రం చెప్పి తెగ నవ్వాడు. చర్చిలో తను ఫ్యాను కింద కూర్చోబెట్టమంటే, ప్రభువు తన నీడలో కూర్చోబెట్టాడని మీరు చెప్పారటండి.”

ఆ అమ్మాయికి ఉద్యోగం కొత్త.

జూలై 6, ఆదివారం

చర్చి. సాక్ష్యం చెప్పలేదు. గొంతు బాగాలేదన్నాను. నా గొంతు.

జూలై 14, సోమవారం

ముసురు. గన్నేరు కవర్లు జరిపాను. ఎప్పటికప్పుడు జరపకపోతే వేరు కవరు చీల్చుకుని నేలలోకి దిగిపోతుంది. ఆ తర్వాత ఎత్తితే మొక్క నిలవదు.

నర్సరీ యజమాని బంగార్రాజు గారు లారీ లోడు చూడటానికి వచ్చి, “ఏంటి అబ్రహామూ, తమ్ముడు వేరు కాపురం పెడతాడంటగా?” అన్నారు.

“ఎవరు చెప్పారండీ?”

“ఆ సహాయకురాలు ఇక్కడికి వచ్చిందంటే ఊరందరికీ తెలిసినట్టేగా. పోనీలే. నీకూ ఊపిరాడుద్ది.”

“నాకు ఊపిరికేం ఇబ్బంది లేదండి.”

“ఇబ్బంది లేనోడివి గన్నేరు తీసుకెళ్ళి మందారాల్లో పెట్టావేంటయ్యా?”

చూస్తే నిజమే. మళ్ళీ జరిపాను.

జూలై 22, మంగళవారం

వాన. శ్రీదుర్గ ఫోను చేసింది. సహాయకురాళ్ళందరినీ ఆపేశారట. ఇంకా మెరుగైన విధానం ఒకటి తయారవుతోందట, అది వచ్చేదాకా వాళ్ళ ఉద్యోగ ఒప్పందాలు చెల్లవట.

“మీ దరఖాస్తు తేల్చే కమిటీ రోజు నేను పక్కన ఉండటానికి లేదండి. నా రిపోర్టు ఇచ్చే వచ్చాను. అందలేదంటున్నారు. మళ్ళీ ఇస్తానంటే, ఇప్పుడు మీరెవరండి అంటున్నారు. మీరే చెప్పాలండి, అబ్రహాము గారూ. మీరేం కలపక్కర్లేదు. అతను చివరిదాకా చెప్పనివ్వండి, అదే పైకి చెప్పండి.”

“అలాగేనమ్మా” అన్నాను.

ఫిన్నీకి చెప్పాను. “నువ్వు చెబుతావా అన్నా?” అని అడిగాడు.

“నేను కాకపోతే ఎవరు చెబుతార్రా?” అన్నాను.

వాడు నా మొహం చాలాసేపు చూశాడు.

జూలై 29, మంగళవారం

తెరిపి. రేపు కమిటీ. ఫిన్నీ ఒకటే వాక్యం పొద్దుటి నుంచి సాధన చేస్తున్నాడు. “నాకు గార్డియన్ వద్దండి. అగ్రిమెంటులో నా పేరు నేనే పెట్టుకుంటాను.” రాను రాను కొంచెం త్వరగా వస్తోంది. ‘గార్డియన్’ దగ్గర మెడ పక్కకు తిరిగిపోతోంది. తిరిగినప్పుడల్లా నవ్వి మళ్ళీ మొదటి నుంచి అందుకుంటున్నాడు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. పాలు కాచి ఇచ్చాను.

నిన్ననే గీసినా మళ్ళీ గడ్డం గీయించుకున్నాడు.

జూలై 30, బుధవారం

వాన. వెళ్ళాం, వచ్చాం. గార్డియన్ ఆర్డరు ఇచ్చారు.

వాడిని అడగలేదు. అడిగితే చెప్పేవాడు.

జూలై 31, గురువారం

వాన. పనికి వెళ్ళలేదు.

అడిగారు. వాడు మొదలుపెట్టాడు కూడా. బయట వరండా నిండా జనం, లోపల అధికారికి తొందర. నేను చెప్పేలోపే సంతకం అయిపోయింది.

ఫిన్నీ నిన్నటి నుంచి మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు.

ఆగస్టు 3, ఆదివారం

ఎండ. చర్చికి రమ్మంటే ఫిన్నీ కళ్ళు మూసుకున్నాడు. నేనొక్కడినే వెళ్ళాను. తర్జుమా ఒక్కడే వచ్చాడేంటి, దొర ఏడీ అన్నారెవరో. ఒంట్లో బాగాలేదన్నాను.

ఆగస్టు 5, మంగళవారం

మబ్బు. అంట్లు. కట్టిన వాటిలో చాలా ఎండిపోయాయి. వానలు ఎక్కువయ్యాయి, అందుకే.

ఆగస్టు 7, గురువారం

ఈదురుగాలి. అరటి మొక్కలు పడిపోతే లేపి కట్టాను.

నేను ఇంటికొచ్చేసరికి ఫిన్నీ ఫోను వింటున్నాడు. నన్ను చూసి సౌండు పెంచాడు. చినబాబు గొంతు. “బావా, అధైర్యపడకు. ఓనరు ఇంకొకళ్ళని చూసుకోమంటున్నాడు. నేనేదో ఒకటి చెప్పి రోజులు లాగుతున్నాను, ఆ ఆర్డరు తొందరగా రద్దు చేయించమను మీ అన్నని.” అది అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. నేను చొక్కా విప్పి, స్నానం చేసి వచ్చేదాకా పెడుతూనే ఉన్నాడు.

కమిటీ రోజు జరిగింది ఇది.

అధికారి మర్యాదస్తుడే. “ఏం బాబూ, మీ అన్నయ్య గార్డియన్‌గా ఉండటం నీకిష్టమేనా?” అని ఫిన్నీనే అడిగాడు. ఫిన్నీ ‘నాకు’ అన్నాడు. ‘గార్డియన్’ దగ్గర మెడ తిరిగిపోయింది. కొత్తచోటు కదా, కాళ్ళు కూడా ఎగిరాయి. కుర్చీ వెనక్కి జరిగింది. నేను పట్టుకున్నాను. వాడు నవ్వి మళ్ళీ ‘నాకు’ అని మొదలుపెట్టాడు.

అధికారి నా వైపు చూశాడు. “ఏమంటున్నాడయ్యా? సరేనంటున్నాడా?”

పెన్ను ఆయన చేతిలోనే ఉంది, కాగితం మీద పెట్టలేదు. నేను చెప్పాల్సింది ఒక్క మాట. వాడు ఇంట్లో రోజంతా అన్న మాటే. ఆయన ఆగాడు. అటెండరు టీ గ్లాసు తెచ్చి పెట్టి వెళ్ళాడు. ఆయన ఇంకా ఆగే ఉన్నాడు. నేను కుర్చీ పట్టుకుని నేలకేసి చూస్తున్నాను.

“పాపం, అన్నయ్య మొహమాటస్థుడు” అని ఆయన సంతకం పెట్టాడు.

ఫిన్నీ అప్పటికి వాక్యం పూర్తి చేశాడు. బాగా చెప్పాడు. అన్ని మాటలూ వచ్చాయి. తర్వాతివాళ్ళని పిలుస్తున్నారు.

ఆగస్టు 12, మంగళవారం

వాన. సెలవు పెట్టి ఆఫీసుకు వెళ్ళాను. ఫిన్నీని తీసుకెళ్ళలేదు, రానన్నాడు. అనలేదు, గోడ వైపు తిరిగాడు.

“ఆర్డరు రద్దు చేయాలండి. నా తమ్ముడు వద్దంటున్నాడు” అన్నాను. వరండాలో చాలాసార్లు అనుకుని వెళ్ళాను కాబట్టి నోటికి వచ్చింది.

అదే గుమస్తా. ఫైలు తీశాడు. “రద్దు చేయాలంటే వాణి సహాయకురాలి రిపోర్టు ఉండాలండి.”

“ఆవిడని తీసేశారు కదండీ.”

“కొత్తవాళ్ళు వస్తారండి.”

“ఎప్పుడండీ?”

“కొత్త విధానం వచ్చాక. ఇది పాతదానికంటే మెరుగ్గా ఉంటుందంటున్నారు.”

“ఈలోగా నేనే చెబుతున్నానండి. వాడు వద్దన్నాడు. ఆ రోజే అన్నాడు.”

“మీరు చెబితే చాలదండి. మీరు దరఖాస్తుదారు. బయటివాళ్ళెవరైనా అతని మాట విని చెప్పాలి.” కాగితం నా వైపు తిప్పాడు. “వాడి మాట నాకొక్కడికే తెలుస్తుంది అని మీరే రాశారు. మీకొక్కరికే తెలిస్తే, అతను ఇలా అన్నాడనటానికి మాకు సాక్ష్యం ఏముందండి?”

బాగా రాశారండి అని మెచ్చుకున్నది ఆ కాగితాన్నే.

“చినబాబు అని ఒకతను ఉన్నాడండి, అతనికి తెలుస్తుంది.”

“అతనేం చేస్తాడు?”

“అతనూ ఫిన్నీలాంటివాడే.”

గుమస్తా ఫైలు కట్టేశాడు. విసుక్కోలేదు. “కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళండి” అన్నాడు.

బస్టాండు నుంచి శ్రీదుర్గకు ఫోను చేశాను. వాళ్ళ ఊరు తుని వెళ్ళిపోయింది, బట్టల షాపులో చేస్తోందట. అంతా విని, “ఇప్పుడు నేను చెప్పినా చెల్లదండి” అంది. తర్వాత, “ఫిన్నీ ఎలా ఉన్నాడు? ఏమంటున్నాడు?” అని అడిగింది.

ఏమీ అనడం లేదని చెప్పాను.

ఆగస్టు 14, గురువారం

వాన. చినబాబు నుంచి వచ్చిన మాట ఫిన్నీ ఒక్కసారే విన్నాడు. “బావా, నీ గదిలోకి ఎవడో వచ్చాడు. మంచోడే. జోకులెయ్యడం రాదు.”

ఫోను పక్కన పెట్టేశాడు.

ఆగస్టు 15, శుక్రవారం

సెలవు. ఏమీ లేదు.

ఆగస్టు 17, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. పాస్టరుగారు ఇంటికి వచ్చి ప్రార్థన చేశారు. “ఫిన్నీ, ఏమైనా చెబుతావా నాన్నా?” అన్నారు. వాడు నోరు విప్పలేదు. ఆయన నా వైపు చూశారు. నా దగ్గర వాడి మాట ఏదీ లేదు. ఆమెన్ అన్నాను.

ఆగస్టు 18, సోమవారం

వాన వెలిసింది. కాలవలో ఎర్రనీళ్ళు వచ్చాయి. మోటారు వేయలేదు, నేల తడిగానే ఉంది. కవర్లు జరిపాను.

కమిటీకి వెళ్ళిన రోజు నుంచి ఫిన్నీ గడ్డం ముట్టుకోనివ్వలేదు. బాగా పెరిగింది. నాన్న పోలిక వచ్చింది. ఇవాళ పని నుంచి వచ్చి నీళ్ళు వేడి చేసి, కొత్త బ్లేడు వేసి, సబ్బూ తువ్వాలూ పక్కన పెట్టుకుని వాడి ఎదురుగా కూర్చున్నాను. చెంప మీద చెయ్యి వెయ్యలేదు.

“గీయమంటావా?” అన్నాను.

ఇన్నాళ్ళలో ఇదే మొదటిసారి, వాడి పెదాలు కదిలాయి. మొదటి అక్షరం వచ్చింది. దాన్ని పట్టుకుని మిగతాది చెప్పేయడం నాకు అలవాటు. అమ్మకీ అలవాటే. నోటిదాకా ఒక మాట వచ్చింది, మింగేశాను. మెడ పక్కకు తిరిగింది. వాడు ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. చెప్పేది పెద్దదే ఉంది. గడ్డం గురించి కాకపోవచ్చు.

ఊరికే కూర్చుంటే నా నోరు ఆగదని ఇది రాస్తున్నాను. నీళ్ళు చల్లారుతున్నాయి. ఒక మాట అయింది. రెండో మాట